ఆరో నంబరు వైరు

ఆసుపత్రి లాండ్రీలో పొద్దున ఆరింటికి పనిలోకి దిగితే మధ్యాహ్నం రెండింటికి గానీ బయటపడేది కాదు ఆమె. పందొమ్మిదేళ్లుగా అదే పని. ఉతికిన దుప్పట్లను ఆవిరితో కాగే పెద్ద రోలరు మీద పరచాలి. అవి అవతలివైపు బయటికి రాగానే నాలుగు మడతలు పెట్టి దొంతి వెయ్యాలి. రోలరు ఆగదు, కాబట్టి చేతులూ ఆగవు. ఇంటికొచ్చేసరికి పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉండేవి.

ఆ రోజు కూడా అలాగే కాళ్లీడ్చుకుంటూ వస్తోంది. వీధి మలుపు తిరగ్గానే ఇంజను చప్పుడు వినబడింది. అయిదు దెబ్బలు కొట్టి ఆరోది మింగేస్తున్న చప్పుడు. అది ఎవరి ఇంజనో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. చేతిలో సంచీ గోడ పక్కన పడేసి పరుగెత్తింది.

షెడ్డులో కారు బానెట్ ఎత్తి ఉంది. భర్త నడుం వంచి, తల దాదాపు ఇంజనులో పెట్టి చెవి ఒగ్గి వింటున్నాడు.

"ఏవండీ! జరగండి అవతలికి!"

ఆ మోతలో ఆయనకు వినబడలేదు. ఆమె కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది. ఇంజను ఓ కుదుపు కుదిపి ఆగింది.

"ఆరోది కొట్టట్లేదే," అన్నాడాయన, నెమ్మదిగా నడుం ఎత్తుతూ.

"మీది కొట్టట్లేదనే కదా మూణ్ణెల్ల కిందట కోసి డబ్బీ పెట్టారు! దాన్ని కూడా ఆపుకుంటారా ఏంటి?"

"ఒక్క నిమిషమే వంగాను."

"ఒక్క నిమిషం చాలదూ?"

మూడు నెలల కిందట ఆయన స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయాడు. గుండె నిమిషానికి ముప్పై సార్లే కొట్టుకుంటోందన్నారు. ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కన్నా చిన్నదైన పేస్‌మేకర్ అమర్చారు. ఇంటికి పంపేటప్పుడు గుండె డాక్టరు నడవొచ్చు, మెట్లెక్కొచ్చు, నెలయ్యాక బండి కూడా నడపొచ్చు అని చెప్పాడు. ఇంట్లో పాత స్పోర్ట్స్ కారు ఉందనీ, దాని మరమ్మతులన్నీ ఈయనే చేసుకుంటాడనీ ఆమె చెప్పేసరికి మాత్రం ముఖం మార్చాడు. "సీట్లో కూర్చుని నడపండి, పరవాలేదు. ఇంజను నడుస్తుండగా బానెట్ ఎత్తి దాని మీదకి మాత్రం వంగకండి. అక్కడ వైర్లలో వేల వోల్టులు పరుగెడుతుంటాయి. ఏది గుండె, ఏది కారు అని ఈ డబ్బీ తికమకపడొచ్చు. రెండడుగుల దూరం. అంతే," అన్నాడు.

అంతే అన్నంత తేలిక కాలేదు ఆ మాట. నలభై ఏళ్లు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. రెండు సీట్లు, ఆరు సిలిండర్లు ఉన్న ఆ కారుని ఇరవై ఆరేళ్ల కిందట, పైకప్పు కూడా లేకుండా, తుక్కు కింద పోతుంటే తెచ్చుకున్నాడు. ఒక్కో ముక్కా తన చేత్తోనే బాగుచేసుకున్నాడు. ఆదివారం వస్తే ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసేది కాదు. "మీ ఆయన ఏడీ?" అని ఎవరైనా అడిగితే "నా సవతి ఇంట్లో ఉన్నారు" అని షెడ్డు వైపు చూపించేది ఆమె. ఆపరేషన్ తరవాత ఈ రోజుదాకా ఆయన ఆ వైపే వెళ్లలేదు. కిటికీ పక్కన కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఆమె పనికి వెళ్లేటప్పుడు ఏ పేజీ తెరిచి ఉండేదో, తిరిగొచ్చేసరికి అదే పేజీ ఉండేది. అడిగితే ఊఁ, అడక్కపోతే అదీ లేదు.

ఇప్పుడు షెడ్డు గడప మీద కూర్చున్నాడు. ఎదురు తిరిగి అరిచినా బాగుండునని అనిపించింది ఆమెకు. అరవలేదు. చేతులకంటిన మసి చూసుకుంటున్నాడు.

"ఏం చూడాలో చెప్పండి. నేను చూస్తా," అంది.

"నువ్వా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

"చేతులున్నాయి. ఓపికే లేదు నీకు."

"లేదు. అయినా చెప్పండి. మీరు వంగకుండా ఉంటే నాకదే పదివేలు."

ఆయన బయటి వెలుతురు వైపు చూశాడు. చీకటి పడేదాకా ఆగమన్నాడు.

పొద్దు వాలాక ఆయన ఇంజను స్టార్ట్ చేసి, దిగి, పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆమె చేతిలో బట్టల మీద నీళ్లు చల్లే స్ప్రే సీసా ఉంది. "ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకో. రెండో చేత్తో వైర్ల మీద పొగమంచులా కొట్టు. ఏదీ ముట్టుకోకు," అని అరిచాడు. ఆమె కొట్టింది. మొదటి అయిదు వైర్ల దగ్గర ఏమీ లేదు. అన్నిటికన్నా వెనక, కారు ముందు అద్దం కింద ఉండే రేకు గోడకి ఆనుకుని ఉన్న ఆరో వైరు మీద నీటి తుంపర పడగానే, దారప్పోగంత నీలం మెరుపు వైరు పక్కనుంచి బయటికి దూకి ఇంజను ఇనుముని కొట్టింది. చిటచిటమని మళ్లీ దూకింది. ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"కనబడిందా?"

"నీలంగా. చిన్న పురుగులా పాకింది."

"అదే. ప్లగ్గులోకి పోవాల్సిన మంట పక్కదారి పట్టి పోతోంది. వైరు ఎండి చీలిపోయుంటుంది." ఆమెకు కనబడింది తనకు కనబడనందుకు ఆయన ముఖం చిన్నబోయింది. అది కూడా ఆమె చూసింది.

మర్నాడు మధ్యాహ్నం, ఇంజను చల్లగా ఉండగా, వైర్లు ఒక్కొక్కటే ఊడదీసి మీటరు పెట్టి చూసింది. వైరు పట్టి లాగొద్దు, కొసన ఉన్న రబ్బరు టోపీ పట్టి మెలితిప్పి లాగమన్నాడు. ఆరో దానిలో మీటరు ముల్లు కదలనే లేదు. లోపలి తీగ ఎక్కడో తెగింది. మూడోది కూడా అవసాన దశలో ఉంది. మిగిలినవి కూడా అదే వయసువి, మొత్తం సెట్టు మార్చాల్సిందే అన్నాడు ఆయన. ఆమె ఏ వైరు ఎక్కడిదో మర్చిపోకుండా, వార్డు దుప్పట్లకు కట్టే నంబరు గుడ్డముక్కలు తెచ్చి ఒక్కోదానికీ కట్టి, షాపులో చూపించడానికి ఆరోది ఉంచుకుని మిగిలినవి తిరిగి తగిలించింది.

"రెండు కొసలకీ కట్టాలి," అన్నాడు.

"ఒక కొసకి కడితే తెలీదా ఏంటి," అంది ఆమె. అప్పటికే నడుం పట్టేసింది.

"సరే, రేపు పార్టుల షాపుకెళ్లి చవక సెట్టు ఒకటి తెచ్చెయ్. అన్ని బళ్లకీ పడుతుందని డబ్బా మీద రాసుంటుంది, అది. నడిస్తే చాలు."

ఆమె వినీ విననట్టే తలూపింది. కానీ మంచం మీద వాలాక ఆ మాట మళ్లీ చెవిన పడ్డట్టయింది. ఈ మనిషి కారు అద్దం దించే ఒక్క పిడి కోసం ఎనిమిది నెలలు ఆగాడు. దాని బదులు వేరేది పెట్టుకోమంటే తిండి మానేసినంత పని చేశాడు. ఆ కారుకి సంబంధించి ఆయన నోట చవక అన్న మాట ఆమె ఎప్పుడూ వినలేదు. నీరసం వల్ల అంటున్నాడేమో అనుకుంది.

పార్టుల షాపు ఒక మనిషి నిలబడితే ఇంకో మనిషి పక్కకి తిరిగి నిలబడాల్సినంత ఇరుకు. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలు. పైనుంచి బెల్టులు వేలాడుతుంటాయి. షాపతన్ని అందరూ గ్యాస్కెట్ అంటారు. బండికి ఏం రోగం వచ్చినా ముందు గ్యాస్కెట్ మార్చి చూద్దాం అంటాడని ఆ పేరు. ఆమె భర్త మీద గౌరవం కొద్దీ ఆమెను వదినా అంటాడు.

"ఏంటొదినా, నువ్వొచ్చావ్? అన్నయ్య ఏడీ?"

"ఇంట్లో. ప్లగ్గు వైర్లు కావాలి. ఇదిగో పాత ఆరోది." సంచీలోంచి గుడ్డముక్క కట్టిన వైరు తీసి బల్ల మీద పెట్టింది.

గ్యాస్కెట్ దాన్ని వంచి చూశాడు. పైపొర చిట్లి కనబడింది. లోపలికి వెళ్లి మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఇది అసలు సిసలు రాగి తీగ. ఆ బండి పుట్టినప్పుడు ఇదే ఉండేది. మంట దిట్టంగా వస్తుంది. కాకపోతే రేడియో పెట్టుకుంటే పాట బదులు గరగర వినబడుతుంది. మంట పుట్టించేందుకు అన్నయ్య లోపల పాత పాయింట్లే ఉంచాడా, తీసేసి ఎలక్ట్రానిక్‌ది పెట్టాడా?"

ఆమెకు వెంటనే గుర్తొచ్చింది. కూతురు ఎనిమిదో తరగతిలో ఉండగా బళ్లో టీచరుతో మాట్లాడడానికి వస్తానన్నవాడు రాలేదు. వెతుక్కుంటూ షెడ్డుకెళితే పాత పాయింట్లు పీకి నేల మీద పెట్టి, కొత్తది బిగిస్తూ ఒళ్లు మరచిపోయి ఉన్నాడు. ఆ సాయంత్రం జరిగిన గొడవ వీధి మొత్తం వింది.

"ఎలక్ట్రానిక్‌దే," అంది.

"అయితే రాగి పక్కన పెట్టెయ్. ఆ గరగరే దానికి కూడా పిచ్చెక్కిస్తుంది. ఇక ఈ రెండు. ఇది రెడీమేడ్, చవక. ఇది సిలికాన్ తొడుగుది. లోపల సన్నటి తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, గరగర రాదు. కాకపోతే ముక్కలుగా రాదు. కొలత చూసి నువ్వే కోసుకుని కొసలు బిగించుకోవాలి."

ఆమె రెడీమేడ్ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక కొస పట్టుకుని వేలాడదీసింది. పాత ఆరో దానికన్నా మూరెడు ఎక్కువుంది. "ఇంత పొడుగు ఎక్కడ చుట్టిపెట్టాలి? కింద పొగ గొట్టాలున్నాయి, ఎర్రగా కాగుతాయి. వాటి మీద పడదూ?"

"పడుతుంది," అన్నాడు గ్యాస్కెట్ ఒప్పుకుంటూ.

కొసన ఉన్న టోపీని మడిచి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. లాండ్రీలో ఆవిరి గొట్టాలకు ఇలాంటి రబ్బరే తొడిగేవారు. ఏడాది తిరక్కుండా రాయిలా గట్టిపడి, మడతల దగ్గర పగిలి, ఎవరో ఒకరి చెయ్యి కాల్చేది. రెండోది మడిచింది. మెత్తగా వంగి, వదలగానే వెనక్కొచ్చింది.

"ఇది తొమ్మిదేళ్లయినా ఇలాగే ఉంటుందొదినా. లావు ఏడు మిల్లీమీటర్లే తీసుకో. ఎనిమిదిది చూడ్డానికి దర్జాగా ఉంటుంది గానీ, బండిలో ఉన్న పాత క్లిప్పుల్లో పట్టదు," అని, గొంతు తగ్గించి అన్నాడు. "కానీ, అమ్మేసే బండికి ఇంత మంచిది ఎందుకు? అన్నయ్య కూడా ఏం మార్చాల్సొచ్చినా చవకదే చాలన్నాడే మొన్న."

"ఏ బండి అమ్మేది?"

గ్యాస్కెట్ చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. "నీకు తెలీదా? పది రోజుల కిందట వచ్చి, ఎవరైనా కొనేవాళ్లుంటే చూడమన్నాడు. నేనే ఒక పళ్ల డాక్టరమ్మకి చెప్పాను. ఆదివారం చూడ్డానికి వస్తోంది. అయ్యో వదినా, నేను చెప్పానని అనకు."

ఆమె బయటికొచ్చింది. షాపు ముందున్న టైర్ల దొంతి మీద కూర్చుంది. ఆ కారు ఇంట్లోంచి పోవాలని ఇరవై ఆరేళ్లలో ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. ఇప్పుడు పోతుందంటే సంతోషం రావాలి. రాలేదు. కోపం వచ్చింది, అదీ కారు గురించి కాదు. ఆ మనిషి గడప దాటి ఇంత దూరం వచ్చి, గ్యాస్కెట్‌తో ఇన్ని మాటలాడి, తనతో ఒక్క ముక్క అనలేదు.

లేచి, "సిలికాన్‌ది ఇవ్వు," అంది. "కొసలు బిగించే పట్టకారు కూడా. పని అవగానే తిరిగిచ్చేస్తా."

ఇంటికొచ్చి పొట్లం భోజనాల బల్ల మీద విప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు.

"నేను చెప్పింది ఇది కాదు కదే."

"గ్యాస్కెట్ అంతా చెప్పాడు."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె చెప్పులు విడిచి ఎదురుగా కూర్చుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటావని కాదు," అన్నాడు. "అమ్మేయండి, పీడా పోతుంది అంటావని. అది నీ నోట వినడం ఇష్టం లేకపోయింది."

"ఎందుకమ్ముతున్నారు?"

"ఎవరో చెయ్యి పెట్టి చేస్తుంటే, ఆసుపత్రిలో చుట్టం చూపుకొచ్చినవాడిలా దూరంగా నిలబడి చూడలేనే. అదొకటి." ఆగాడు. "ఇంకోటి నువ్వు. నీ మొహం అద్దంలో చూసుకుని ఎన్నాళ్లయింది? పొద్దున్నే అక్కడ చాకిరీ, మధ్యాహ్నం నాకు చాకిరీ, ఇక దానికి కూడానా? మొన్న నువ్వు సీసా పట్టుకుని నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి. చూశాను."

నాకేం అలుపు లేదు అని అనబోయింది. "అలిసిపోయిన మాట నిజమే. అబద్ధమెందుకు," అంది. "అమ్మాలంటే అమ్మండి. మీ చేతి పని, మీ ఇష్టం. కానీ సగం చచ్చినదానికి పౌడరు పూసి పంపొద్దు. నెల తిరక్కుండా ఆ డాక్టరమ్మ ఏ రోడ్డు మధ్యలోనో ఆగిపోయి మనల్ని తిట్టుకుంటుంది. ఇరవై ఆరేళ్లు నన్ను కాదని దాన్ని చూసుకున్నారు. చివరికి చవక వైర్లు వేసి పంపితే నాకే నామోషీ."

ఆయన నవ్వలేదు గానీ, పొట్లంలోంచి వైరు తీసి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "మంచిదే తెచ్చావ్," అన్నాడు.

ఆ తరవాత మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆమె పని నుంచి రాగానే అరగంట చల్లటి నేల మీద వెల్లకిలా పడుకునేది. లేచి, ముఖం కడుక్కుని షెడ్డుకెళ్లేది. వైర్లు కొలవడం ఆమెకు చిటికెలో పని. ప్లగ్గు నుంచి, మంటను ఆరింటికీ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత దాకా గుడ్డ టేపు పట్టి, దారి ఎక్కడ వంగుతుందో చూసి, ఇంజను ఊగినప్పుడు బిగిసిపోకుండా రెండు వేళ్ల వదులు వేసి కోసింది. కొసలు బిగించడం దగ్గరే కష్టమైంది. పైతొడుగు మాత్రమే కోయాలి, లోపలి తీగ తెగకూడదు. ఆ తీగ వెనక్కి మడిచి ఇత్తడి కొసలో పెట్టి పట్టకారుతో నొక్కాలి. మొదటిది ఎంతో ముద్దుగా నొక్కి, ఎత్తి చూపించింది.

"టోపీ ఏదీ?" అన్నాడాయన.

రబ్బరు టోపీ బల్ల మీదే ఉంది. దాన్ని ముందు వైరుకి తొడిగి, ఆ తరవాత కొస బిగించాలి. మళ్లీ కోసి మొదటి నుంచి చేసింది. రెండోసారి కూడా మర్చిపోయింది. అప్పుడు కళ్లనీళ్లు తిరిగాయి. అలుపువల్ల వచ్చే నీళ్లు అవి, దుఃఖం కాదు. పట్టకారు బల్ల మీద పెట్టి కాసేపు గోడకి ఆనుకుంది. ఆయన గడప మీంచి లేచాడు. లోపలికెళ్లి ఆరు టోపీలూ ఆరు వైర్లకీ తనే తొడిగి, వరసగా పేర్చి ఇచ్చాడు. ఇంజను ఆగి ఉంది కాబట్టి బల్ల పనికి ఆయనకు అడ్డేమీ లేదని ఇద్దరికీ అప్పటిదాకా తోచనే లేదు.

ఆయన కష్టం వేరే. నలభై ఏళ్లు ఆయన చేతులే మాట్లాడాయి. ఇప్పుడు ఆమె ఇంజను మీద వంగి ఉంటే, ఎక్కడ ఏముందో నోటితో చెప్పాలి. "ఆ, అదే, దాని కింద. కాదు, పక్కన. అబ్బా, ఆ వంకరగా ఉన్నది లేదూ?" అని గాల్లో చేతులు తిప్పేవాడు.

"మీరు గాల్లో బొమ్మలు గీస్తే నాకు వీపున కళ్లున్నాయా? మాటల్లో చెప్పండి," అనేది.

మెల్లిగా మాటలు దొరికాయి. నీ బొటనవేలు ఉన్న చోటు నుంచి జానెడు వెనక్కి, అన్నాడు. టక్‌మని వినబడేదాకా నొక్కు, అన్నాడు. వైర్లు ఒకదానికొకటి ఆనితే మంట దొంగతనం జరుగుతుంది, క్లిప్పుల్లో విడివిడిగా పెట్టు అన్నాడు. రెండో రోజుకి, ఈ ఇంజను తుక్కులో దొరికినప్పుడు దానిలో ఎలకల గూడు ఉన్న సంగతి చెప్పాడు. ఆమెకు అది కొత్త కథ. మూడు నెలల్లో మాట్లాడనిదంతా ఆ రెండు మధ్యాహ్నాల్లో మాట్లాడాడు.

మూడో రోజు స్టార్ట్ చేస్తే ఇంజను దగ్గి, తుమ్మి, పొగ గొట్టంలోంచి ఫటేల్మని పేలింది. ఎదురింటి ముసలాయన చేతిలో టీ కప్పుతో బయటికొచ్చి నిలబడ్డాడు. ఆమె చెవులు మూసుకుంది.

"మూతవైపు కొసలకి నంబర్లు కట్టలేదు కదూ?" అన్నాడు భర్త, తాళం తిప్పి ఇంజను ఆపేసి.

"కట్టలేదు. ఒకటి పక్కన రెండు, రెండు పక్కన మూడు అని పెట్టాను."

ఆయన గడప మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. ఛాతీ పట్టుకుని నవ్వుతుంటే ఆమె హడలిపోయి దగ్గరికొచ్చింది. "ఏం లేదే, కుట్లేసిన చోట లాగుతోంది, అంతే. దాని లెక్క మనలా ఒకటి, రెండు, మూడు కాదు. ఒకటి, అయిదు, మూడు, ఆరు, రెండు, నాలుగు."

"ఎవడు పెట్టాడా లెక్క?"

"ఎవడో. వాడికీ భార్య ఉండుంటే సరిగ్గా పెట్టేవాడు."

ఆ వరస పైకి అనుకుంటూ ఆమె మార్చి పెట్టింది. ఈసారి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. ఆరు దెబ్బలూ ఒకదాని వెనక ఒకటి, ఖాళీ లేకుండా. ఆయన గడప మీద నుంచే కళ్లు మూసుకుని విన్నాడు. ఆమె మసి చేతులు అలాగే పెట్టుకుని, ఈ చప్పుడు తన వల్ల వస్తోందని కొంచెంసేపు నమ్మలేక నిలబడింది.

ఆదివారం పళ్ల డాక్టరమ్మ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. జేబులోంచి చిన్న టార్చి తీసి, నోరు తెరిపించి చూసినట్టే ఇంజనులోకి వంగి మూలమూలలా చూసింది. "ఈ వైర్లు ఎవరు వేశారు?" అని అడిగింది.

"మా ఆవిడ," అన్నాడు.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగి, కొలతలు ఎలా తీశారు, రాగివి ఎందుకు వద్దనుకున్నారు అని అడిగింది. ఆమె చెప్పడం మొదలుపెట్టి, టోపీలు మర్చిపోయిన సంగతితో సహా పూర్తిగా చెప్పేసింది. చెబుతుండగానే తనకి ఇంత తెలుసా అని తనకే ఆశ్చర్యంగా ఉంది. తరవాత ఆయన డాక్టరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చివరిదాకా తీసుకెళ్లి తెచ్చాడు. తిరిగొచ్చేసరికి బేరం కుదిరిపోయింది. ఆగమందామా అని ఆమె భర్త ముఖం చూసింది. ఆ ముఖంలో దాపరికం లేదు, అలసట ఉంది. సామాను దించుకున్న కూలీవాడి ముఖంలా ఉంది.

సాయంత్రానికి కారు వెళ్లిపోయింది. ఆయన షెడ్డు ఊడ్చాడు.

ఆ వారమంతా ఆమె పని నుంచి వచ్చి నేల మీద పడుకుని, లేవాల్సిన పనేమీ లేక, పొద్దు పోయేదాకా అలాగే నిద్రపోయేది. లేచేసరికి ఆయన అన్నం వండి ఉంచేవాడు. ఒక రోజు మాడ్చాడు, ఒక రోజు ఉప్పు మరిచాడు. పేపరు పేజీలు తిరుగుతున్నాయి. కూతురు ఫోన్ చేసి, "బండి లేకుండా నాన్న ఎలా ఉన్నాడమ్మా?" అంటే, "తింటున్నాడు, వండుతున్నాడు, నన్ను సతాయిస్తున్నాడు," అంది. తను ఎలా ఉందో కూతురు అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకూ తెలియదు. మధ్యాహ్నాలు మాత్రం ఏదో ఖాళీగా ఉన్నాయి.

రెండు వారాల తరవాత ఒక రోజు ఆమె వచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను స్థిరంగా ఉండట్లేదట. కార్బురేటర్లు రెండూ ఒక మాట మీద లేవు, అంతే. నడుస్తుండగా స్క్రూ తిప్పాలి." గొంతు సవరించుకున్నాడు. "నేను వంగకూడదు కదా."

"అయితే?"

"నేను చెబుతా. నువ్వు తిప్పుతావేమోనని."

ఆమె సంచీ కింద పెట్టి కుర్చీలో కూలబడింది. "నాకు ఓపిక లేదండీ. వారమంతా ఆ రోలరు ముందు నిలబడి, మళ్లీ అక్కడికొచ్చి నిలబడాలా?"

"సరే, వద్దులే. వేరే ఎవరినైనా చూసుకోమంటా."

ఆయన వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేశాక ఆమె పిలిచింది.

"ఏవండీ. ఆదివారం అని చెప్పండి. పొద్దున్నే కాదు, నేను నిద్ర లేచాక. నాకు కూర్చోడానికి స్టూలు వెయ్యమనండి, అంతసేపు నిలబడలేను."

ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లాడు. లోపలి గదిలోంచి మాటలు వినబడుతున్నాయి. "ఆఁ డాక్టరమ్మా, ఇద్దరం వస్తాం. లేదు లేదు, నేను చెప్పేవాణ్నే, చేసేది ఆవిడే." ఆమె పాదాలెత్తి ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని, కళ్లు మూసుకుంది.